కింది దవడ ఓవర్‌డెంచరు క్లెయిములు: హనుమకొండ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 9, 2025, సోమవారం

మా కార్యాలయం హనుమకొండ నక్కలగుట్టలో ఒక బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. అమెరికా తూర్పు తీరంలోని ఒక దంతవైద్యశాలకు మేము ఆరుగురం ఇక్కడి నుంచి బిల్లింగ్ పని చేసిపెడతాం. అక్కడ ఉదయం ఎనిమిదికి తలుపులు తెరిస్తే ఇక్కడ సాయంత్రం ఐదున్నర అవుతుంది కనుక, కింద దుకాణం షట్టరు దించే వేళకు మా పని సగానికి వస్తుంది.

గత ఆరు నెలల్లో కింది దవడ ఓవర్‌డెంచరుకు (దవడలోని ఆధారాలమీద కూర్చునే కట్టుడు పళ్ల సెట్టుకు) సంబంధించి మేము పదకొండు క్లెయిములు పంపితే వాటిలో ఏడు తిరిగి వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఎవరికి చేతనైనట్టు వాళ్లం సరిచేసి మళ్లీ పంపాం. "బీమా కంపెనీలు అంతే అక్కా, ఇవ్వకుండా ఉండటానికి దారి చూసుకుంటాయి" అని మా బృందంలోని పిల్లలు అనడం, నేను తల ఊపడం ఇన్నాళ్లూ జరిగింది. ఏడింటినీ ఒకేచోట తెరచి మొదటి నుంచి చివరి వరకు చదివినవారు మాలో ఒక్కరూ లేరు. ఆ పని ఈ రోజు మొదలుపెట్టాను. క్లెయిం బయలుదేరే ముందే ఫైలులో ఏ కాగితం, ఏ మాట, ఏ తేదీ ఉండి తీరాలో తేల్చడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. రోగుల వివరాలకు అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కాపలా ఉంది. మా తెరమీది కాగితాన్ని అచ్చు తీయడానికి కూడా వీలులేదు. అందువల్ల ఈ డైరీలో మొదటి ఫైలు, మూడో ఫైలు అనే పేర్లే ఉంటాయి.

కొత్తగా చేరిన ఇద్దరికి మొదట అసలు వస్తువు గురించి చెప్పవలసి వచ్చింది. పై కట్టుడు పళ్ల సెట్టుకు అంగిలి ఆసరా ఉంటుంది. తడి మీద అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టు గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. దానికి పట్టు దొరికే చోటు తక్కువ, పైగా లాడం నడుమ నాలుక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. పళ్లు పోయాక కింది దవడ గట్టు పై దవడకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగిపోతుంది. అందుకే కింది దవడలో రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే లోహపు స్క్రూలు) గాని, తీయకుండా మిగిల్చిన రెండు పళ్ల వేర్లు గాని ఆధారంగా పెట్టి, వాటిమీద తీసి పెట్టుకోగలిగే సెట్టును కూర్చోబెడతారు. దాన్నే ఓవర్‌డెంచరు అంటారు. "ఇంప్లాంట్లు గాని, వేర్లు గాని" అన్నచోటే మా తప్పుల్లో సగం పుట్టాయని నాకు రేపోమాపో తెలుస్తుందని ఈ రోజు రాస్తున్నప్పుడు అనుకోలేదు. ఈ వాక్యాన్ని పన్నెండో తేదీన వచ్చి చేర్చాను.

జూన్ 12, గురువారం

ఏడు ఫైళ్లూ చదవడం పూర్తయింది. ఒకటి, నాలుగు, ఐదు ఫైళ్లలో జబ్బు ఒకటే. సెట్టు కింద ఏముందో ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా చెప్పాం.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వారి సీడీటీ కోడ్లలో (ఒక్కొక్క దంతచికిత్సకు ఒక్కొక్క కోడు ఉండే పట్టికలో) డి5000 శ్రేణి తీసి పెట్టుకునే సెట్లకు, డి6000 నుంచి డి6199 వరకు ఇంప్లాంటు సేవలకు కేటాయించారు. డి5865 అంటే కింది దవడకు పూర్తి ఓవర్‌డెంచరు; అది మొదటి శ్రేణిలో ఉంది. డి6111 అంటే పళ్లు లేని కింది దవడకు, ఇంప్లాంటు లేదా అబట్‌మెంటు (ఇంప్లాంటు పైన బిగించే ముక్క) ఆధారంగా నిలిచే, తీసి పెట్టుకునే సెట్టు. అది రెండో శ్రేణిలోది. సహజమైన వేర్లమీద కూర్చునేదానికి మేము మొదటిది వాడాలి, ఇంప్లాంట్లమీద కూర్చునేదానికి రెండోది. చెప్పుకుంటే ఇంతే. కాని మొదటి ఫైలులో డాక్టరు చార్టు నోటులో (రోగికి చేసిన పని రాసే రికార్డులో) "కింది ఓవర్‌డెంచరు అమర్చబడింది" అని మాత్రమే రాశారు. మా వాళ్లు కోడ్ల పట్టికలో ఓవర్‌డెంచరు అనే మాట వెతికి, మొదట కనబడిన డి5865 వేశారు. దానికి జతచేసిన ఎక్స్‌రేలో రెండు ఇంప్లాంట్లు తెల్లగా మెరుస్తున్నాయి. బీమా కంపెనీ తరఫున అవతల కూర్చున్న దంత సలహాదారు ఏమనుకోవాలి? కోడు వేర్లంటోంది, చిత్రం ఇంప్లాంట్లంటోంది. తిప్పి పంపాడు. నేనైనా అదే చేసేదాన్ని.

ఐదో ఫైలు దీనికి తిరగేసిన కథ. అక్కడ నిజంగానే కింది కోరపళ్లు రెండింటికీ రూట్ కెనాల్ చేసి, చిగురు మట్టానికి కోసి, గుండ్రంగా నునుపుచేసి, వాటిమీద సెట్టు అమర్చారు. కోడు డి5865 సరిగానే పడింది. అయితే క్లెయిం పత్రంలో 33వ గడి లేని పళ్ల వివరాలది; లేని ప్రతి పన్ను అంకె మీద ఎక్స్ గుర్తు పెట్టాలి. "పూర్తి సెట్టు కదా" అని మా అబ్బాయి 17 నుంచి 32 వరకు పదహారింటినీ కొట్టేశాడు. అంటే ఏ వేర్లను ఆధారంగా చూపుతున్నామో అవి నోట్లో లేనే లేవని మేమే రాసి ఇచ్చాం. పైకి కనిపించే పన్ను లేకపోయినా వేరు మిగిలి ఉంటే ఆ పన్ను తీసేసినట్టు కాదు. ఈ ఒక్క ముక్క అతనికి వివరించడానికి నాకు అరగంట పట్టింది. "పైన చెట్టు కొట్టేసినా మోడు ఉంది కదరా" అంటే గాని అతని ముఖం వెలగలేదు.

జూన్ 18, బుధవారం

ఈ రోజు ఒక వింత తప్పు బయటపడింది.

మా బృందంలో బీడీఎస్ చదివిన అమ్మాయి ఒకతె ఉంది. నోటి లోపలి సంగతులు మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు, కాబట్టి పాత ఫైళ్ల సమీక్షకు ఆమెనే కూర్చోబెట్టాను. రాత్రి పదకొండుకు వచ్చి, "అక్కా, మూడో ఫైలులో పెద్ద పొరపాటుంది. ఇంప్లాంట్లు పై దవడలో వేసి కింది దవడకు సెట్టు బిల్లు చేశారు" అంది. నేను ఉలిక్కిపడ్డాను, అది నిజమైతే పొరపాటు అనే మాట చాలదు. తెరచి చూస్తే చార్టులో 22, 27 అని ఉంది. ఆమె చదివిన చదువులో, మన దేశంలో దంతవైద్యులు ఎక్కువగా వాడే రెండంకెల పద్ధతిలో, 22 అంటే ఎడమవైపు పై దవడలో ముందు నుంచి రెండో పన్ను, 27 అంటే అదే వైపు రెండో దవడపన్ను. అమెరికాలో అంకెలు వేరు. కుడివైపు పై జ్ఞానదంతం దగ్గర 1తో మొదలై, పై వరుస చివరికి 16, అక్కడి నుంచి కిందికి దిగి ఎడమ కింది జ్ఞానదంతం 17, తిరిగి కుడివైపుకు వచ్చేసరికి 32. ఆ లెక్కన 22 కింది ఎడమ కోరపన్ను, 27 కింది కుడి కోరపన్ను. కింది ఓవర్‌డెంచరుకు ఇంప్లాంట్లు సాధారణంగా పెట్టే చోట్లే అవి. మన లెక్కలో వాటినే 33, 43 అంటాం.

నవ్వుకున్నాం గాని, ఆ నవ్వు వెంటనే ఒక అనుమానాన్ని తెచ్చింది. ఆమె రాసిన పాత లేఖలు వెతికితే ఒకదానిలో "33, 43 స్థానాల్లో ఇంప్లాంట్లు" అని దొరికింది. క్లెయిం గడిలో 33 అని వేస్తే సాఫ్ట్‌వేరే ఒప్పుకోదు, ఎందుకంటే వాళ్ల శాశ్వత దంతాల లెక్క 32తో ఆగిపోతుంది. కాని జతచేసే లేఖలో ఏ అంకె రాసినా అడిగే యంత్రం లేదు. గడిలో 22, 27, లేఖలో 33, 43. ఏడు తిరుగుటపాల్లో ఆరోదానికి కారణం తెలిసింది. ఆ అమ్మాయి బాగా చిన్నబుచ్చుకుంది. తప్పు ఆమెది కాదనీ, రెండు పద్ధతులున్నాయని చేరిన రోజే చెప్పవలసిన నాదనీ అందరి ముందే అన్నాను. ఇప్పుడు ప్రతి బల్ల మీదా రెండు పద్ధతుల అంకెలున్న పళ్ల బొమ్మ ఒకటి అతికించి ఉంది. లేఖల్లో అంకె పక్కన "కింది ఎడమ కోరపన్ను స్థానం" అని మాటల్లో కూడా రాయాలని నియమం పెట్టుకున్నాం.

జూన్ 26, గురువారం

వారమంతా లేఖ నమూనా మీద గడిచింది. క్లెయింతోపాటు పంపే ఈ చిన్న వివరణను మా వాళ్లంతా నేరేటివ్ అంటారు. పాతవి తీసి చదివితే నాకే సిగ్గేసింది. "రోగికి కింది సెట్టు నిలవడం లేదు. నమలడం కష్టంగా ఉంది. ఓవర్‌డెంచరు ఎంతో అవసరం. దయతో పరిశీలించగలరు." ఇది అర్జీలా ఉంది. దీనిలో తేదీ లేదు, కొలత లేదు, ఇదివరకు ఏమి ప్రయత్నించారో లేదు. ఇదే లేఖ నాలుగు ఫైళ్లలో అక్షరం మారకుండా ఉంది. ఒకే సలహాదారు వాటిలో రెండింటిని చదివి ఉంటే మా గురించి ఏమనుకున్నాడో ఊహించుకోగలను.

కొత్త నమూనా ఎలా ఉండాలో చూపడానికి ఒక కల్పిత ఫైలు రాసుకున్నాం. "కింది దవడలో పళ్లు లేవు, చివరి పళ్లు 2014లో చిగుళ్ల వ్యాధి వల్ల తీశారు. ప్రస్తుత కింది సెట్టు 2015లో అమర్చినది. 2021లో ఒకసారి రీలైన్ చేశారు (అడుగున కొత్త పొర వేసి సరిచేశారు). ఏడాదిలో మళ్లీ వదులైంది. ముందు భాగంలో గట్టు ఎత్తు తగ్గినట్టు పానోరమిక్ ఎక్స్‌రేలో (దవడలు మొత్తం ఒకే చిత్రంలో పడేది) కనిపిస్తుంది. తేదీతో సహా జతచేశాం. కింది ఎడమ, కుడి కోరపళ్ల స్థానాల్లో ఇంప్లాంట్లు పెట్టి, మూడు నెలలు మానిన తర్వాత అబట్‌మెంట్లు బిగించి, కొత్త సెట్టు అమర్చారు." ఇందులో బతిమాలడం లేదు. చదివినవాడు చిత్రంతో, గడులతో, తేదీలతో సరిచూసుకోవచ్చు. క్లెయిం పత్రంలో 43వ గడి, ఇది పాతదాని స్థానంలో పెడుతున్న సెట్టేనా అని అడుగుతుంది. అవునంటే 44వ గడిలో పాతది పెట్టిన తేదీ వేయాలి. చాలా పాలసీల్లో ఐదేళ్లు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ గడిస్తే గాని కొత్త సెట్టుకు డబ్బు రాదు. ఆ తేదీ రోగిని అడిగి చార్టులో రాయించకపోతే మేము ఎక్కడి నుంచి తేగలం? రెండో ఫైలు ఆ ఒక్క ఖాళీ గడి వల్లనే వెనక్కి వచ్చింది.

మెడికల్ బీమాకు పంపవలసి వచ్చినప్పుడు జబ్బు కోడు కూడా కావాలి. జబ్బుల కోడ్ల పట్టిక అయిన ఐసీడీ పదో సంచికలో కింది దవడ గట్టు అరుగుదలకు మూడు మెట్లున్నాయి: స్వల్పమైతే కె08.21, మధ్యస్థమైతే కె08.22, తీవ్రమైతే కె08.23. తీవ్రమని వేస్తే పని సులువవుతుందని మా వాళ్లలో ఒకరు అన్నారు. ఎంత అరిగిందో చెప్పవలసింది డాక్టరు, మేము కాదు. చార్టులో లేని మాట లేఖలోకి రాకూడదు. వస్తే దాని పేరు బిల్లింగ్ కాదు, మోసం. అందుకే లేఖలోని ప్రతి వాక్యానికి పక్కన "చార్టులో ఏ తేదీ నోటు?" అనే గడి పెట్టాం. గడి నిండకపోతే ఆ వాక్యం కొట్టేయాలి, లేదా డాక్టరుకు ప్రశ్న వెళ్లాలి. ఆయన తర్వాత నోటులో ఏదైనా చేరిస్తే, చేర్చిన రోజు తేదీతోనే చేర్చాలి. పాత తేదీలోకి దూర్చకూడదు.

పాత లేఖల్లో ఒకదానిలో మెక్‌గిల్ అంగీకార ప్రకటన గురించి ఒక పేరా ఉంది. 2002లో కెనడాలోని మాంట్రియల్లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లు పూర్తిగా పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్ల ఓవర్‌డెంచరే మొదటి ఎంపిక కావాలని తేల్చారు. మాట నిజమే, విలువైనదే. కాని బీమా కంపెనీ చూసేది రోగి కొన్న పాలసీలో ఏముందన్నది. ఆ పేరా తీసేశాను. అది పెరికేసిన చోటులో పాత సెట్టు తేదీ పట్టింది.

జూలై 5, శనివారం

ఈ రోజు సెలవు, అయినా ప్రాజెక్టుకు అన్నింటికంటే ఉపయోగపడిన రోజు ఇదే.

మా పెద్దమ్మది కాజీపేట. నిరుడు కట్టించుకున్న కింది సెట్టుతో ఆమె పడిన అవస్థ ఇంటిల్లిపాదికీ తెలుసు. "కింది సెట్టు నా మాట ఇంటలేదు బిడ్డా, నాలిక కదిలితే అది సుత కదుల్తది" అనేది. అన్నం తినేటప్పుడు తీసి స్టీలు డబ్బాలో పెట్టేది; పెట్టుకోవడం పెళ్లిళ్లకే. ఉగాది దాటాక హనుమకొండలోని ఒక దంతవైద్యుడి దగ్గర రెండు ఇంప్లాంట్లు వేయించాం. మూడు నెలలు గడిచాయి. ఈ రోజు వాటిని పాత సెట్టుకే జతచేస్తామంటే వెంట వెళ్లాను. పక్కన కూర్చుని చూడవచ్చా అని అడిగితే డాక్టరుగారు, "చూడండి మేడం, మీరు రోజూ బిల్లు రాసేది దీనికే కదా" అన్నారు.

ముందు ఇంప్లాంట్ల మూతలు విప్పి, వాటిలోకి చిన్న లోహపు గుబ్బల్లాంటి అబట్‌మెంట్లు బిగించారు. చిగురు పైకి రెండు మిల్లీమీటర్లో మూడు మిల్లీమీటర్లో కనిపిస్తున్నాయి, బంగారు రంగులో. ఒక్కొక్కదాని చుట్టూ తెల్లని పలుచని రబ్బరు వలయం తొడిగారు. పైన గిన్నె మూతల్లాంటి లోహపు టోపీలు పెట్టారు. టోపీ లోపల నల్లని ప్లాస్టిక్కు బిళ్ల ఉంది. తర్వాత పెద్దమ్మ పాత సెట్టు అడుగున సరిగ్గా ఆ రెండు చోట్ల గుంటలు తొలిచారు. గుంటల్లో కాసేపటికి గట్టిపడే గులాబీ రంగు రెజిన్ నింపి, సెట్టును నోట్లో పెట్టి, పై పళ్లతో మెల్లగా కలిపి మూయమన్నారు. ఐదారు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. సెట్టు బయటికి తీసేసరికి టోపీలు రెండూ దాని అడుగున ఇరుక్కుని వచ్చాయి, గుబ్బలు దవడలోనే ఉండిపోయాయి.

నాకు చటుక్కున వెలిగింది. 2021 జనవరి 1 నుంచి డి6052 అనే ఒకే కోడును తీసేసి, దాని చోట డి6191, డి6192 అని రెండు పెట్టారు. ఒక్క పనికి రెండు కోడ్లు ఎందుకని నాలుగేళ్లుగా లోపల్లోపల విసుక్కుంటున్నాను. గుబ్బను ఇంప్లాంటుకు బిగించడం డి6191. టోపీని సెట్టుకు అతికించడం డి6192. ఒకటి దవడకు, ఒకటి సెట్టుకు. రేపు సెట్టు విరిగి కొత్తది చేస్తే టోపీలు మళ్లీ అతికించాలి గాని గుబ్బలు ముట్టుకోనక్కరలేదు. ఒకే కోడు ఉన్నప్పుడు ఆ తేడా చెప్పే వీలు లేకపోయింది.

రెండో సంగతి నాకు చేదుగా తగిలింది. పెద్దమ్మకు కొత్త సెట్టు చేయలేదు, ఉన్నదాన్నే మార్చారు. అమెరికాలో ఇంప్లాంట్లు వేశాక ఉన్న సెట్టును ఇలా మలిస్తే డి5875 వేయాలి, గుబ్బ, టోపీ వంటి అతుకుల కోడ్లు దానికి వేరుగా వేసుకోవాలి; డి6111 వేయకూడదు. మా ఏడో ఫైలులో నోటు "పాత సెట్టులో అటాచ్‌మెంట్లు కూర్చబడ్డాయి" అనే చెబుతోంది. మేము డి6111 పంపాం. అంటే చేయని సెట్టుకు డబ్బడిగాం. పాత సెట్టుకు ఐదేళ్లు నిండలేదని వాళ్లు తిప్పి పంపారు కాబట్టి బతికిపోయాం. డబ్బు వచ్చి ఉంటే తిరిగి కట్టవలసి వచ్చేది.

చివర్లో డాక్టరుగారు నల్ల బిళ్లలు పీకి వాటి స్థానంలో గులాబీ బిళ్లలు నొక్కారు. నల్లవి కేవలం తయారీ వేళకేనట. వాడకానికి నైలాన్ బిళ్లలు పట్టును బట్టి రంగుల్లో వస్తాయి: నీలం సుమారు ఒకటిన్నర పౌండ్ల పట్టు, గులాబీ మూడు, తెల్లగా కనబడే పారదర్శకం ఐదు. అరవై తొమ్మిదేళ్ల చేతులకు ఐదు పౌండ్లంటే తీసుకోవడమే కష్టమని మధ్యరకం పెట్టారు. పెద్దమ్మ రెండు బొటనవేళ్లతో నొక్కింది. టక్కుమని రెండు చప్పుళ్లు వినబడ్డాయి. నాలుక అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుంది.

వస్తూ వస్తూ బిల్లు తీసుకున్నాం. ఒకే వరుస: "కింది సెట్టు ఇంప్లాంటు పని", కింద మొత్తం. మన దగ్గర చాలా ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో తప్ప పళ్ల పనికి డబ్బివ్వవు, చికిత్సకు జీఎస్టీ మినహాయింపు ఉంది, కాబట్టి విడదీసి రాయవలసిన ఒత్తిడి ఎవరికీ లేదు. అలవాటు పోనిచ్చుకోలేక, ఇంప్లాంట్ల డబ్బా మీది స్టిక్కర్లు అడిగాను. కంపెనీ, కొలత, బ్యాచ్ నంబరు ఉండేవి. డాక్టరుగారు ఆశ్చర్యపోలేదు, వాటిని పెద్దమ్మ ఫైలులోనే అతికించి ఉంచారు. ఫోటో తీసుకోనిచ్చారు. పదేళ్ల తర్వాత గుబ్బ వదులై మరో ఊళ్లో మరో డాక్టరు దగ్గర కూర్చోవలసి వస్తే, ఏ స్క్రూ ఏ పానాకు పడుతుందో చెప్పేది ఆ స్టిక్కరే. ఇంటికి రాగానే పెద్దమ్మ కాల్చిన మక్కకంకి అడిగింది. కొరకవద్దన్నారని గుర్తుచేస్తే, గింజలు ఒలిచి పెట్టమంది.

జూలై 11, శుక్రవారం

శనివారం చూసినదాన్ని సోమవారమే అందరికీ చెప్పాను, కాగితం మీద గుబ్బ, టోపీ, బిళ్ల గీసి. ఆ బొమ్మను బట్టి బిళ్లల లెక్క కూడా తేలింది. ఇంప్లాంట్లమీద నిలిచే సెట్టులో అరిగిన నైలాన్ బిళ్లలు మార్చితే డి6091. అది అతుకు ఒక్కింటికి ఒకటి. రెండు మార్చితే రెండు. వేర్లమీది సెట్టు అయితే డి5867. నిరుటి నుంచి మేము ఎన్ని మార్చినా ఒకటే వేస్తూ వచ్చాం. చార్టులో "బిళ్లలు మార్చాం" అని ఉంటుంది, ఎన్ని మార్చారో ఉండదు. అంటే ఇంతకాలం వైద్యశాల తనకు రావలసినదే వదులుకుంది. అడగకూడనిది అడిగిన తప్పు పక్కన అడగవలసింది అడగని తప్పు కూడా ఉందని పట్టికలో రాసుకున్నాను.

ఈ వారం డాక్టర్లలో పెద్దాయనతో తెరమీద మాట్లాడాం. నోటు రాసే వేళ ఆయన నింపవలసిన ప్రశ్నలు మొదట పద్దెనిమిది తయారుచేశాం. ఆయన చదివి, మర్యాదగానే, ఇన్ని నింపితే రోగిని ఎప్పుడు చూడాలని అడిగారు. న్యాయమే. కూర్చుని ఆరుకు కుదించాం: సెట్టు కింద ఏముంది, వేర్లా ఇంప్లాంట్లా, ఏ స్థానాల్లో; సెట్టు కొత్తదా పాతదా; పాతది ఎప్పటిది, దానికి ఏమేమి చేసి చూశారు; దవడ ఎముక గురించి తన మాట; ఈ రోజు దవడకు ఏమి బిగించారు, సెట్టుకు ఏమి అతికించారు, ఎన్నెన్ని; స్టిక్కర్లు ఎక్కడ అతికించారు. మిగిలినవి మేము వెతుక్కోగలం. ఆయన సహాయకురాలే కుర్చీ పక్కన వీటిని నింపి, ఆయనచేత సంతకం చేయిస్తుందని ఒప్పందం.

జూలై 17, గురువారం

తేదీ గొడవ. సెట్టు కోసం నోటి అచ్చు తీసిన రోజా, అమర్చిన రోజా, ఏది సేవ తేదీ? కొన్ని కంపెనీలు మొదటిదీ, ఎక్కువ కంపెనీలు రెండోదీ అంటాయి. మా వైద్యశాల పనిచేసే కంపెనీల పట్టికలో ఒక్కొక్కదాని నియమం పక్కనే రాసుకున్నాం. డిసెంబరులో అచ్చు తీసి జనవరిలో అమర్చే ఫైళ్లలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఏడాదికి ఇచ్చే గరిష్ఠ మొత్తం కొత్త సంవత్సరంతో మళ్లీ మొదలవుతుంది. తమకు అనుకూలమైన తేదీ వేయమని రోగులు అడుగుతారు. వేయం.

ఇంకొక చిక్కు గురించి కాస్త వివరంగా రాయాలి. క్లెయిం ఒప్పుకుని కూడా కంపెనీ ఓవర్‌డెంచరుకు కాక మామూలు కింది సెట్టు డి5120 ధరకే చెల్లించడం మామూలు. చవకైన ప్రత్యామ్నాయం ఉంటే ఆ మేరకే ఇస్తామని పాలసీలో ముందే రాసి ఉంటుంది. మా వాళ్లు దీన్నీ తిరస్కారం కిందే లెక్కవేసి అప్పీళ్లు రాస్తూ గంటలు పోశారు. అది తిరస్కారం కాదు, ఒప్పందం. ఇక్కడ చేయవలసింది అప్పీలు కాదు. చికిత్స మొదలుకాకముందే ముందస్తు అంచనా అడగడం. క్లెయిం పత్రం మొదటి గడిలోనే దానికి గుర్తు పెట్టే చోటు వేరేగా ఉంది. జవాబు వచ్చాక రోగి తన చేతినుంచి ఎంత పెట్టుకోవాలో కాగితం మీద చూపి సంతకం తీసుకోవాలి. ముందస్తు అంచనా వచ్చిందంటే డబ్బు వస్తుందని హామీ కాదు. ఈ మాట కూడా అదే కాగితంలో ఉండాలి.

జూలై 30, బుధవారం

రాత్రి నుంచి ముసురు. కరెంటు రెండుసార్లు పోయింది. ఇన్వర్టరు మీద నడిపాం.

కొత్త పద్ధతిలో ఇప్పటికి నాలుగు క్లెయిములు వెళ్లాయి. రెండింటికి డబ్బు వచ్చింది. అందులో ఒకటి అనుకున్నట్టే డి5120 ధరకు. రోగికి ముందే చెప్పి ఉన్నాం కనుక ఫోను రాలేదు. మూడోది ఇంకా నడుస్తోంది. నాలుగోది ఈ సాయంత్రం తిరిగి వచ్చింది. నాలుగు అంటే చాలా తక్కువ, దీన్నిబట్టి ఏమీ అనలేను. పాతవాటిలో ఏడో ఫైలును డి5875కు దిద్ది, పొరపాటు మాదేనని రాసి పంపాం.

తిరిగి వచ్చినదాన్ని అందరం కలిసి చూశాం. కోడు సరి, గడులు సరి, లేఖలో ప్రతి వాక్యం వెనక తేదీ ఉంది. వాళ్ల జవాబు ఒకటే ముక్క: జతచేసిన ఎక్స్‌రే మీద తేదీ లేదు. ఇక్కడ మనం ఓపీజీ అంటాం, వాళ్లు పానో అంటారు. ఏదన్నా సరే, దాని అంచున రోగి పేరు, తీసిన తేదీ ఉంటాయి. సాఫ్ట్‌వేరు నుంచి బయటికి తీసేటప్పుడు చిత్రం పెద్దగా కనబడాలని ఎవరో అంచులు కత్తిరించారు. ఎవరో ఏమిటి, అది నేనే. గట్టు అరుగుదల స్పష్టంగా కనబడాలని పదహారో తేదీన నా చేత్తోనే కత్తిరించాను.

బీడీఎస్ అమ్మాయి నా వైపు చూసి, "అందరి ముందే చెప్పమంటారా అక్కా?" అంది. చెప్పమన్నాను. పూర్తి చిత్రాన్ని రెండు గంటలకు మళ్లీ పంపాం.